అసర్‌కూ మగ్రిబ్‌కూ మధ్య కాలువ గట్టున

పొద్దుటి నుంచి పనిచేసి సాయంత్రం ఇల్లు చేరిన మనిషిని చూడండి. చెప్పులు విడిచేదాకా కూడా ఆగడు, ఫోను చేతిలోకి వస్తుంది. లేదంటే టీవీ ముందు చతికిలబడతాడు. అలసిన కంటికి మరో వెలుగు చూపించడమే విశ్రాంతి అనుకుంటాడు. మేమూ చాలాకాలం అలాగే చేశాం. మా నలుగురిలో ఒకరు విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మిషను మీద పనిచేస్తారు. ఒకరు టైలరు. ఒకరు బడిలో గుమాస్తా. ఈ వ్యాసం రాస్తున్నవారిది రోజంతా కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం. లేత్ భాయ్‌కి చెవుల్లో హోరు, టైలర్ సాబ్‌కి మెడనొప్పి, మిగతా ఇద్దరికీ కళ్ళమంట. ఇవేవీ పూర్తిగా నయమయ్యాయని చెప్పం గానీ, వాటిని గంటన్నర సేపు మరిచిపోయే ఉపాయం మాత్రం గన్నవరంలోనే దొరికింది. అసర్ నమాజు చేసుకుని కాలువ గట్టు మీద నడవడం, పక్షుల్ని చూడటం, మగ్రిబ్ అజాన్ వేళకు తిరిగి రావడం. పైసా ఖర్చులేని పని.

మొదట్లో అది ఉత్త నడకే. డాక్టరు నడవమన్నాడు కాబట్టి టైలర్ సాబ్ తల వంచుకుని నడిచేవారు, తోడుగా మేమూ నడిచేవాళ్ళం. నోరు మాత్రం ఊరుకునేది కాదు. వడ్డీలు, ఫీజులు, ఆఫీసు గొడవలు అన్నీ గట్టు పొడుగునా మాతోపాటే వచ్చేవి. ఇంటికి వెళ్ళేసరికి కాళ్ళు నొప్పి, మనసు బరువు. ఒకరోజు గుమాస్తా గారి మేనల్లుడు దుబాయి నుంచి తెచ్చిన చిన్న దుర్భిణి ఆయన సంచిలో ఉంది. సరదాకి తీసి కరెంటు తీగ మీద కూర్చున్న నల్లటి పిట్టను చూశాం. దాని తోక చివర చేప తోకలాగా రెండుగా చీలి ఉంది. తీగ మీద నుంచి దూకి, గాలిలోనే పురుగును పట్టి, మళ్ళీ అదే చోటికి వచ్చి కూర్చుంది. మళ్ళీ దూకింది, మళ్ళీ వచ్చింది. పావుగంట గడిచాక గానీ తెలియలేదు, మా నలుగురిలో ఎవ్వరూ ఒక్క మాట మాట్లాడలేదని. ఆ పిట్టను మన వైపు పసులపోలిగాడు అంటారని తర్వాత తెలిసింది. తనకంటే ఎంతో పెద్దవైన కాకుల్నీ గద్దల్నీ కూడా వెంటబడి తరిమేంత తెగువ దానిది.

గన్నవరం చుట్టూ ఇన్ని పక్షులు ఎందుకు ఉన్నాయని ఎవరైనా అడిగితే జవాబు ఒకటే: నీళ్ళు. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజి వచ్చింది. అక్కడ బయల్దేరిన ఏలూరు కాలువ కేసరపల్లి, గన్నవరం పరిసరాల మీదుగా తూర్పుకు సాగిపోతుంది. ఇవతల విమానాశ్రయం, ఆ పక్క జాతీయ రహదారి, వాటి మధ్య ఇంకా మిగిలిన వరిచేలు. ఉత్తరాన బ్రహ్మయ్యలింగం చెరువు ఉంది. తూర్పున కాస్త దూరంలో కొల్లేరు. ఈ నీళ్ళన్నీ పక్షులకు ఒకే ఊరు కింద లెక్క. మనం గీసుకున్న మండలాలూ జిల్లాలూ వాటికి పట్టవు.

ఆగస్టు నెలలో వచ్చి చూడండి. కాలువకు నీరు వదిలి ఉంటారు, నాట్లు సాగుతుంటాయి. సూర్యాస్తమయం ఆరున్నర ప్రాంతంలో కాబట్టి అసర్ తర్వాత తీరికగా గంటకు పైగా దొరుకుతుంది. దమ్ము చేస్తున్న ట్రాక్టరు వెనకాల తెల్లకొంగలు బారులు తీరి నడుస్తుంటాయి. ఆ కాలంలో వాటి తలా మెడా బంగారు రంగు తిరిగి ఉంటాయి, గూళ్ళు కట్టే రోజులు గనక. గట్టున కదలకుండా మట్టిరంగులో కూర్చునే గుడ్డికొంగ కూడా అప్పుడు వీపు మీద ముదురు ఎరుపు శాలువా కప్పుకున్నట్టు మారిపోతుంది. మనం దగ్గరకు పోయేదాకా అది ఉన్నట్టే తెలియదు. ఎగిరిందా, రెక్కలు తెల్లగా మెరుస్తాయి. ‘గుడ్డి’ అన్న పేరు ఎవరు పెట్టారో గానీ చూడలేకపోయింది మనమే.

ఒకసారి ఇలాగే నిలబడి చూస్తుంటే చేలోంచి ఒక పెద్దాయన కేకేశారు.

“ఏం సాయిబు గారూ, పొలం కొనడానికొచ్చారా?”

విమానాశ్రయం పక్కన నలుగురు మనుషులు నిలబడి దూరంగా చూస్తున్నారంటే ఎవరికైనా ముందు వచ్చే అనుమానం అదే.

“కాదండీ, కొంగల్ని చూస్తన్నాం.”

“కొంగల్నా!” అని ఆయన నవ్వి, పార గట్టున పెట్టి మా దగ్గరికి వచ్చారు. తర్వాతి అరగంట మాకు పాఠమే. బూడిదరంగు తెలుపుతో నల్లటి రెక్కలున్న పెద్ద కొంగను చూపించి, “ఇది గుల్లకొంగండి. దీని ముక్కు జూడండి, మూసినా మూసుకోదు” అన్నారు. దుర్భిణిలో చూస్తే నిజమే. పై ముక్కుకూ కింది ముక్కుకూ నడుమ సందు ఉంది. పిల్లలుగా ఉన్నప్పుడు ఈ సందు ఉండదు, పెరిగాకే వస్తుంది. పొలంలోని నత్తగుల్లను పట్టుకుని, కింది ముక్కు కొనను లోపలికి దూర్చి, నత్తను గుల్లకు అంటిపెట్టే కండను తెంపి, గుల్ల పగలకుండా మాంసాన్ని లాగేస్తుంది. మన ఇళ్ళలో నల్లీబొక్కలోంచి మూలుగ తీయడానికి ఎంత తంటాలు పడతామో తలచుకుని మేము నవ్వుకున్నాం. లేత నాట్లను కొరికే నత్తల్ని తింటుంది కాబట్టి గుల్లకొంగ వస్తే తనకు సంతోషమన్నారు ఆ పెద్దాయన. దుర్భిణి ఆయన చేతికిస్తే మొదట తన ఇంటి వైపే తిప్పి చూసుకున్నారు.

పక్షుల పేర్లు పుస్తకంలో చూసి నేర్చుకోవచ్చు. కూతను విని పేరు చెప్పే సౌకర్యం ఇప్పుడు ఫోనులోనే ఉంది, అదీ మంచిదే. కానీ పొలం మనిషి నోట విన్న పేరుకు ఉన్న బలం వేరు. కడప జిల్లా లంకమల అడవుల కలివికోడి సంగతి తెలిసినవారికి ఇది కొత్త కాదు. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదని శాస్త్రజ్ఞులు ఆశ వదులుకున్న ఆ పక్షి 1986 జనవరిలో మళ్ళీ దొరికింది. దాన్ని పట్టి చూపించింది స్థానికంగా పిట్టల్ని పట్టుకునే మనిషే. అడవి మనుషులకు దాని పేరూ తెలుసు, తిరిగే చోటూ తెలుసు. అడగాల్సినవారు అడగడమే ఆలస్యమైంది.

గిజిగాడి దగ్గర నేర్చుకున్నవాడు

కాలువ మలుపులో నీటి మీదికి వంగిన ఈతచెట్లున్నాయి. వానాకాలంలో వాటికి గిజిగాడి గూళ్ళు వేలాడుతుంటాయి. టైలర్ సాబ్ అక్కడికి వస్తే ఇక కదలరు. “మిషను లేదు, సూది లేదు, కొలతపట్టీ లేదు, ఈ కుట్టు చూడండి భాయ్” అంటారు ప్రతిసారీ. మగ పిట్ట తలా రొమ్మూ పసుపు పూసుకున్నట్టుంటాయి. వరి ఆకునూ గడ్డినీ అంచున కొరికి, పొడుగ్గా చీల్చి, ఆ పీచును ముక్కుతో అల్లుతుంది. గూడు సగం అయ్యాక, బోర్లించిన టోపీలా ఉన్న దశలో పని ఆపేస్తుంది. కొమ్మకు వేలాడుతూ రెక్కలు కొట్టుకుని అరుస్తుంది. ఆడ పిట్ట వచ్చి గూటిని లోపలా బయటా లాగి చూస్తుంది. నచ్చితేనే ఉంటుంది. అప్పుడు గానీ మగది మిగతా గూడు, కిందికి దిగే గొట్టంలాంటి దారి పూర్తిచేయదు. నచ్చకపోతే ఆ సగం గూడు అలాగే వేలాడుతూ ఉండిపోతుంది. పెళ్ళివారికి నచ్చని షేర్వాణీలు తన కొట్లోనూ రెండు వేలాడుతున్నాయన్నారు టైలర్ సాబ్.

ఈ వ్యవహారాన్ని దగ్గరుండి చూసి లోకానికి వివరంగా చెప్పిన వ్యక్తి డాక్టర్ సాలిం అలీ. మనలో చాలామందికి ఆయన పేరు తెలుసు, కథ తెలియదు. 1896 నవంబరు 12న బొంబాయిలో సులైమానీ బొహ్రా కుటుంబంలో పుట్టారు. పసితనంలోనే తల్లిదండ్రులు పోతే మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ పెంచారు. మేనమామ ఇచ్చిన గాలి తుపాకీతో పిచ్చుకల్ని కొట్టడం ఆ పిల్లవాడి ఆట. ఒకనాడు కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది. ఇదేం పిట్ట అని అడగడానికి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్ళాడు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ ఆ పిల్లవాణ్ణి కసురుకోలేదు. పక్షి పేరు చెప్పి, సొసైటీ భద్రపరిచిన పక్షుల నమూనాలు చూపించారు. తుపాకీ పట్టిన చెయ్యి ఆ రోజు నుంచి పుస్తకం పట్టింది.

ఆ తర్వాత దారి పూలబాట కాలేదు. బర్మాలో వ్యాపారం చేశారు, కలిసిరాలేదు. 1929లో బెర్లిన్ వెళ్ళి స్ట్రెస్‌మాన్ అనే పెద్ద శాస్త్రవేత్త దగ్గర పని నేర్చుకుని మరుసటేడు తిరిగి వస్తే ఇక్కడ ఉద్యోగం లేదు. భార్య తహ్మీనాతో కలిసి బొంబాయి అవతలి తీరాన కిహీం అనే పల్లెలో కాపురం పెట్టారు. ఇంటి దగ్గర గిజిగాడి గూళ్ళు కట్టుకున్న చెట్టుంది. పని లేని మనిషి ఆ వానాకాలమంతా ఆ గూళ్ళను చూస్తూ కూర్చున్నారు. ఏ గూడు ఎవరు కట్టారు, ఎవరు వచ్చారు, ఎప్పుడు గుడ్లు పెట్టారు అని రాసుకున్నారు. ఒక ఆడ పిట్ట స్థిరపడగానే మగది పక్కనే మరో గూడు మొదలుపెట్టి మరో ఆడదాన్ని పిలుస్తుందని ఆయన కనిపెట్టింది అక్కడే. 1931లో అచ్చయిన ఆ వ్యాసంతో ఆయన పేరు నిలిచింది. 1931–32లో నైజాం ప్రభుత్వం తరఫున హైదరాబాదు సంస్థానంలోని పక్షులను సర్వే చేశారు. 1941లో భారతదేశపు పక్షుల గురించి ఆయన రాసిన పుస్తకం వచ్చింది. 1976లో పద్మవిభూషణ్. 1987లో కన్నుమూశారు. ఉద్యోగం లేని ఆ ఒక్క వానాకాలాన్ని ఆయన ఇంట్లో కూర్చుని దిగులుపడుతూ గడిపి ఉంటే ఏమయ్యేదో మేము గట్టు మీద చాలాసార్లు అనుకున్నాం.

తీతువు ఎందుకు అరుస్తుంది?

ఒక సంగతి చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. మసకబడుతుండగా ఒకరోజు పొలం పక్క బీడులోంచి తీతువు అరిచింది. లేత్ భాయ్ టక్కున ఆగిపోయారు. “వెళ్దాం పదండి, ఇది అరిస్తే మంచిది కాదంటారు” అన్నారు. ఐదు పూటలా నమాజు చేసే మనిషి. పక్షుల కూతల్లో కీడు వెదకడం మన చుట్టూ ఉన్నవారి అలవాటు మాత్రమే కాదు, మన ఇళ్ళలోనూ ఉంది. పైడికంటె ఇంటి మీద వాలితే మన ఆడవాళ్ళు భయపడరా?

ఇస్లాంకు పూర్వం అరబ్బులు ప్రయాణానికి ముందు పక్షిని ఎగరగొట్టి, అది కుడికి పోతే శుభమని, ఎడమకు పోతే అశుభమని నమ్మేవారు. అరబ్బీలో శకునం చూడటాన్ని ‘తియరా’ అంటారు. ఆ మాటే పక్షి అన్న మాటలోంచి పుట్టింది. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఆ నమ్మకాన్ని తోసిపుచ్చారు. ఈ సంగతి లేత్ భాయ్‌కీ తెలుసు. తెలిసినా కాళ్ళు ఆగిపోయాయి, అంతే.

మేము అక్కడే కూర్చుని చూశాం. తీతువు మా తలల మీదుగా తిరిగి తిరిగి అరుస్తోంది. మేము పది అడుగులు వెనక్కి జరిగితే అరుపు తగ్గింది. ముందుకు వస్తే పెరిగింది. కొంతసేపటికి అది బీడులో ఒకచోట దిగి, అటూ ఇటూ నడిచి, మెల్లగా కూర్చుంది. దుర్భిణిలో చూస్తే మాకు గూడు ఏదీ కనిపించలేదు. తీతువు గూడు కట్టదు. నేల మీద చిన్న గుంటలో, గులకరాళ్ళ మధ్య, మట్టిరంగు మచ్చల గుడ్లు పెడుతుంది. మనిషో కుక్కో దగ్గరకు వస్తే అరవడం తప్ప దానికి వేరే గోడ లేదు. అది మా చావు గురించి అరవలేదు, తన పిల్లల గురించి అరిచింది. “పాపం, ఇన్నేళ్ళూ దీన్ని తిట్టుకున్నానే” అన్నారు లేత్ భాయ్. ఆ తర్వాత మేము ఆ బీడు పక్క నుంచి పోవడం మానేశాం. నాలుగు అడుగులు చుట్టు అయినా అవతలి గట్టున పోతాం.

ఆకాశంలో గద్దలు, గట్టు మీద సంచులు

ఇక్కడిదాకా చెప్పినవన్నీ మనసుకు హాయినిచ్చేవి. హాయినివ్వనిది కూడా చెప్పాలి.

మొదటి నుంచీ లెక్కల మనిషి గుమాస్తా గారు. ఆయన దగ్గర ఒక చిన్న పుస్తకం ఉంటుంది. ఏ రోజు ఏ పక్షి ఎన్ని అని రాస్తారు. పసిరిక పిట్టలు తీగ మీద ఆరు, లకుముకి పిట్ట ఒకటి, కూకుడుగువ్వ ఒకటి (హజ్రత్ సులైమాన్ అలైహిస్సలాం గాథలోని హుద్‌హుద్ ఇదేనని తెలిసి మా పిల్లలంతా ఒక ఆదివారం చూడటానికి వచ్చారు), పాలపిట్ట ఒకటి. పాలపిట్ట ఇప్పుడు మన రాష్ట్ర పక్షి కాదని, 2018లో ఆంధ్రప్రదేశ్ రామచిలుకను ఎంచుకుందని, పాలపిట్ట తెలంగాణకు మిగిలిందని ఆయనే చెప్పారు. పంపకాల్లో పిట్టలు కూడా పోయాయన్నమాట.

ఆ పుస్తకంలో గద్దల వరుస ఒకచోట ఉన్నట్టుండి పెరిగింది. మామూలు రోజుల్లో ఐదారు. 2025 జూన్ 7న బక్రీద్ అయింది. రెండు రోజుల తర్వాత మేము గట్టు మీదికి వెళ్తే ఆయన ముప్పై ఎనిమిది దాకా లెక్కపెట్టి ఆపేశారు. తోక చీలిన గోధుమరంగు గద్దలు, వాటి మధ్య తల తెల్లగా, ఒళ్ళు ఇటుకరంగులో ఉండే గరుడ పక్షులు. గిరగిరా తిరుగుతూ ఒక్కొక్కటే కిందికి జారుతున్నాయి. మొదట అందరం ముచ్చటపడి చూశాం. గాలి ఇటు తిరిగాక వాసన వచ్చింది.

తుమ్మచెట్ల కింద గోనెసంచులు పడి ఉన్నాయి. తోళ్ళ ముక్కలు, పేగులు, కుక్కలు లాగిపడేసినవి. కొన్ని నీళ్ళలోకి కూడా జారాయి. ఆ సంచుల్లో ఒకటి మా ఇంటిదే. మాకు తెలుసు, ఎందుకంటే దాని మీద ఉన్న బియ్యం బ్రాండు, మూతికి కట్టిన ఆకుపచ్చ నైలాన్ తాడు మా ఇంట్లోవి. పండుగనాడు కోత పని చేసిన కుర్రాడికి నూరు రూపాయలిచ్చి “ఎక్కడైనా పారేసి రారా” అన్నది మేమే. ఎక్కడ అని అడగలేదు. ఆ సాయంత్రం మిగతా ముగ్గురికీ ఈ మాట చెప్పలేకపోయాం. రెండు రోజుల తర్వాత చెప్పాం. చెబితే టైలర్ సాబ్ తల వంచుకుని, తమ వీధి సంచులు కూడా అందులో ఉన్నాయన్నారు.

అక్కడి నుంచి తలెత్తితే విమానం దిగుతూ కనిపిస్తుంది. చక్రాలు స్పష్టంగా కనబడేంత కిందుగా. పాఠకులలో కొందరికి ఇది కొత్త కావచ్చు: విమానాశ్రయం చుట్టూ పది కిలోమీటర్ల లోపల అనుమతి లేకుండా జంతువులను కోయడం, చెత్త పారేయడం 1937 నాటి విమాన నిబంధనలలో 91వ దాని ప్రకారం నిషిద్ధం. కారణం పక్షులే. కిలో బరువు కూడా ఉండని గద్ద వేగంగా వచ్చే విమానానికి తగిలితే రాయి తగిలినట్టే. ఇంజనులోకి పోతే ఇంకా ప్రమాదం. 2009 జనవరిలో న్యూయార్కులో బాతుల గుంపు తగిలి రెండు ఇంజన్లూ దెబ్బతిన్న విమానాన్ని పైలటు హడ్సన్ నది మీద దించాడు. అందులోని 155 మందీ బతకడం అల్లాహ్ దయ. అంత దూరం ఎందుకు, 2025 సెప్టెంబరులో మన గన్నవరం నుంచే బెంగళూరు వెళ్ళాల్సిన విమానం రన్‌వే వైపు సాగుతుండగా పక్షి తగిలి, ఆ ప్రయాణం రద్దయింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ వార్త చదివిన రోజు మా నలుగురిలో ఎవరమూ నడకకు వెళ్ళలేదు.

ఆ విమానానికి తగిలిన పక్షి మా సంచి దగ్గరికి వచ్చిందే అని ఎవరూ అనలేరు. మాంసం వ్యర్థాలన్నీ మనవారివే అనడమూ నిజం కాదు. ఆదివారం కోడిమాంసం అన్ని మతాలవారూ తింటారు, ఈకల సంచులు గట్టు మీద ఏడాది పొడుగునా కనిపిస్తాయి. అయినా మన సంచి మనదే. ఖుర్‌ఆన్‌లో ఆదం (అ) కుమారుల గాథ మనకు తెలుసు. తమ్ముణ్ణి చంపినవాడు శవాన్ని ఏం చేయాలో తోచక ఉంటే, నేలను తవ్వి పూడ్చడం ఒక కాకి చూపించింది. పూడ్చడం మనిషికి నేర్పింది పిట్టే. మేము మాత్రం గట్టు మీద పారేసి పిట్టల్ని పిలిచాం.

ఆ తర్వాత పెద్దగా చేసిందేమీ లేదు. మసీదు కమిటీ పెద్దలతో మాట్లాడాం. వచ్చే బక్రీద్‌కు వీధివారీగా సంచులు సేకరించి పంచాయతీవారి బండికే అప్పగించాలని, బండి రాని చోట మనిషి నడుము లోతు గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలని అనుకున్నారు. గొయ్యి తవ్వే కూలి ఎవరు పెట్టుకోవాలన్న దగ్గర మాట ఆగి ఉంది. మాంసం కొట్ల భాయ్‌లు ఇద్దరు తమ వంతు ఇస్తామన్నారు. ఒకరు మాత్రం, “అందరూ వేస్తుంటే నా ఒక్కడి సంచే విమానాన్ని పడగొడుతుందా?” అన్నారు. ఆయనను ఒకసారి నడకకు రమ్మని పిలిచాం. ఇంకా రాలేదు.

సెప్టెంబరు చివరి వారంలో మళ్ళీ మొదలుపెట్టాం. వరి చేలు ఆకుపచ్చగా తిరిగాయి. గిజిగాడి గూళ్ళు చాలావరకు ఖాళీ అయ్యాయి. ఉత్తరాన చలి మొదలుకాగానే వచ్చే, తోకను కిందికీ పైకీ ఆడిస్తూ నడిచే చిన్న పిట్ట ఒకటి గట్టు మీద మా ముందు పరుగెత్తింది. పెద్దాయన చేలోంచి చెయ్యి ఊపారు. గుమాస్తా గారు పుస్తకం తీసి గద్దలు తొమ్మిది అని రాశారు. తుమ్మచెట్ల కింద రెండు కొత్త సంచులున్నాయి. అవి ఎవరివో తెలియదు. లేత్ భాయ్ పెద్దాయన దగ్గరికి వెళ్ళి పార అడిగి తెచ్చారు. నేల గట్టిగా ఉంది. ఒకటి పూడ్చేసరికే మసకబడింది, అజాన్ వినిపించింది. రెండోదాని మీద తుమ్మకంప లాగి పెట్టి వచ్చాం.